నాగ్‌పూర్ నుంచి దిబ్రూగఢ్‌కి గొలుసు ప్రార్థన

మా అక్క విమానం ఎక్కడానికి ఒకే ఒక్క షరతు మీద ఒప్పుకుంది. తాను గాలిలో ఉన్నంతసేపు కింద ఎవరో ఒకరు ఆమె కోసం మోకాళ్ళ మీద ఉండాలి. మధ్యలో ఒక్క నిమిషం కూడా ఖాళీ పోకూడదు.

"నేలమీద ఉన్నప్పుడు నా ప్రార్థన నేనే చేసుకుంట తమ్మీ. మీదికి పోయినంక నాకు నోరు పెగలదు. అప్పుడు మీరే చెయ్యాలె," అంది.

ఆమె భయం నాకు వింతగా తోచింది. మా బావ ముప్పై ఏళ్ళకు పైగా గనిలోకి దిగిన మనిషి. అన్నేళ్ళూ అక్క గుమ్మంలో నిలబడి ఆయన్ను సాగనంపింది, ఏనాడూ వద్దనలేదు. ఆ మాటే అడిగాను.

"మీ బావ భూమిలకు దిగితే నాకేం భయం? కింద నేల ఉంటది, మీద నేల ఉంటది, పక్కకు బొగ్గు ఉంటది. పట్టుకునేటందుకు ఏదో ఒకటి ఉంటది. గాలిల ఏముంటది?" అంది.

గనిలో అసలు భయమంతా ఆ మీద ఉన్న నేలతోనేనని, సర్వే విభాగంలో కొలతల గొలుసు పట్టే చైన్‌మన్‌గా పనిచేసి రిటైరైన నాకు తెలుసు. కానీ చెప్పలేదు. చెబితే ఆమె విమానంతో పాటు రైలు కూడా మానేసేది.

ఆమె వెళ్ళక తప్పని పని అది. అక్కకు ఒక్కతే కూతురు. అస్సాంలో, దిబ్రూగఢ్‌లో, ఒక ఆసుపత్రిలో నర్సు. అల్లుడికి అక్కడే రైల్వేలో ఉద్యోగం. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు దేవుడు కడుపు పండించాడు. ఇంకా మూడు వారాలుందని మేం అనుకుంటుండగా, బీపీ పెరిగిందని డాక్టర్లు తొందరపడ్డారు. గురువారం పొద్దున ఎనిమిది గంటలకు ఆపరేషన్ అన్నారు. పిల్ల ఎంతమందికి ఆపరేషన్ గదిలో సాయం చేసిందో లెక్కలేదు. తన వంతు వచ్చేసరికి మాత్రం, "అమ్మ వస్తేనే లోపలికి పోత," అని ఫోన్లో ఏడ్చింది. రైలైతే మూడు రోజులు. ఇక మిగిలింది విమానమే, అదీ బుధవారమే.

అక్క షరతు విన్నాక నా పని నేను మొదలుపెట్టాను. గాలిలో ఎంతసేపు ఉంటుందో ముందు తేలాలి కదా. ఫోన్లో ఒక చోట రెండు విమానాశ్రయాల పేర్లు కొడితే వాటి మధ్య దూరం, ప్రయాణ సమయం చెబుతుంది. హైదరాబాదు నుంచి దిబ్రూగఢ్ కొట్టి చూశాను. రెండు వేల యాభై కిలోమీటర్లు, మూడు గంటలు దాటుతుంది. మా గోదావరిఖనికి రైల్లో అందుబాటులో ఉన్న రెండోది నాగ్‌పూర్. అది కొట్టాను. పదిహేడు వందల అరవై చిల్లర. రెండు గంటల నలభై నిమిషాలు.

ఆ రెండు ఊళ్ళ మధ్య పటం మీద ఒక నీలం గీత కూడా గీసి చూపించింది. ఎక్కడా వంకర లేదు, అడ్డం లేదు. ఉద్యోగమంతా బొగ్గు పొరల మధ్య టేపు పట్టుకుని వంగి నడిచిన వాడికి అలాంటి గీత చూస్తే కడుపు నిండుతుంది.

"నాగ్‌పూర్ నుంచే బుక్ చెయ్యమని అల్లునికి చెప్త. అక్కకు ఇరవై నిమిషాల గాలి తగ్గుతది," అన్నాను నా భార్యతో.

ఆమె ఫోన్ లాక్కుని చూసింది. "ఇది దారినా, గీతనా?"

"గాలిల దారేందే? గీతనే దారి."

"ఏమో మరి. బస్సు గూడ గీత మీద పోతలేదు గదా," అంటూ కూర కలపడానికి వెళ్ళిపోయింది.

మా సంఘంలో గొలుసు ప్రార్థన అందరికీ అలవాటే. ఒక్కో ఇంటివాళ్ళు అరగంట చొప్పున పంచుకుని, ఒకరి తర్వాత ఒకరు, ఎవరి ఇంట్లో వాళ్ళు ప్రార్థిస్తారు. అన్ని ఊళ్ళలోనూ చేస్తారుగానీ, గోదావరిఖనిలో మేం చేసే పద్ధతి కొంచెం వేరు. మాలో సగం మంది గని మనుషులు. రిలీవర్ రానిదే సీటు దిగకపోవడం వాళ్ళ రక్తంలో ఉంది. గనిలోకి మనుషుల్ని దించే కేజ్‌ను పైకీ కిందికీ నడిపే వైండింగ్ ఇంజన్ ఆపరేటర్ మా సంఘపెద్దల్లో ఒకడు. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి కుర్చీ పట్టుకుంటే తప్ప అతను లేవడు. అందుకని మా గొలుసుకూ మస్టర్, అంటే వంతుల పట్టిక, ఉంటుంది. మన అరగంట అయిపోగానే తర్వాతి ఇంటికి ఫోన్ చెయ్యాలి. అవతలి వాళ్ళు "పట్టుకున్న" అనే దాకా మోకాళ్ళ మీంచి లేవకూడదు.

రెండు గంటల నలభై నిమిషాలకు ఆరు ఇళ్ళు. ఇరవై నిమిషాలు ఎక్కువే ఉంటాయి. దేవుడి దగ్గర కొంచెం ఎక్కువ ఉండటమే మంచిదని ఆరిళ్ళకూ మస్టర్ రాసి, దాన్ని ఫ్రిజ్ మీద అతికించాను. బుధవారం అందరూ ఉపవాసం ఉంటారు, తమ వంతు అయ్యాకే తింటారు.

టికెట్ అల్లుడి దగ్గర్నుంచి ఫోన్లో వచ్చింది. నెట్ సెంటర్లో ప్రింట్ తీయించాను. రెండు కాగితాలు వచ్చాయి. మొదటి కాగితం నెత్తిన నాగ్‌పూర్ అనీ దిబ్రూగఢ్ అనీ ఉంది, కింద అక్క పేరు, పదిన్నరకు బయల్దేరుతుందని ఉంది. చేరే సమయం చూడలేదు. అది నేను ముందే లెక్కగట్టుకున్నాను కదా. ఇక రెండో కాగితం. మా కంపెనీలో సెలవు చీటీ దగ్గర్నుంచి క్వార్టర్ కిటికీ రిపేరు దాకా ఏ కాగితమైనా రెండేసి ఉంటాయి. ఒకటి మనకు, ఒకటి ఆఫీసుకు. ఆ కాగితం మడిచి, 'ఆఫీస్ కాపీ' అని రాసి, మంచం కింది పెట్టెలోని ఫైలులో భద్రపరిచాను.

మంగళవారమే నేనూ అక్కా నాగ్‌పూర్ చేరి తెలిసిన విశ్వాసుల ఇంట్లో ఉన్నాం. బుధవారం పొద్దున అక్కను విమానాశ్రయం గుమ్మం దగ్గర చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాను. టికెట్ లేని వాణ్ణి లోపలికి రానివ్వరు కాబట్టి నేను అద్దం బయటే ఉండిపోయాను. కాసేపటికి అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, నాకు రెండు చీటీలిచ్చిన్రు. ఒక్కదానికి రెండెందుకురా?"

"ఒకటి ఆఫీస్ కాపీ అక్కా. పోగొట్టకు, ఎవరన్న అడుగుతరు," అన్నాను ఎంతో అనుభవం ఉన్నవాడిలా.

పదిన్నరకు విమానం లేచింది. మొదటి వంతు ఇంటి దగ్గరున్న నా భార్యది. నేను స్టేషన్‌కు వచ్చి రామగుండం వైపు వెళ్ళే రైలెక్కి, కిటికీ పక్క సీట్లో కూర్చుని నేనూ మనసులోనే ప్రార్థించుకుంటున్నాను. మొదటి ఇంటి నుంచి రెండో ఇంటికి, రెండో ఇంటి నుంచి మూడో ఇంటికి గొలుసు అందుతున్నట్టు సంఘం గ్రూపులో "పట్టుకున్న", "పట్టుకున్న" అని మెసేజీలు పడుతున్నాయి. పన్నెండుంబావుకు ఫోన్ మోగింది. అక్క.

"దిగిన తమ్మీ! దేవునికి స్తోత్రం. ఏం కాలే. కండ్లు మూసుకొని కూసున్న గంతే."

గడియారం చూసుకున్నాను. ఒంటిగంటా పదికి చేరాల్సిన విమానం. దాదాపు గంట ముందే చేరింది. నా ఒళ్ళు గగుర్పొడిచింది. ఆలస్యమైన విమానాల సంగతి ఎన్నోసార్లు విన్నాను. గంట ముందు చేరిన విమానం గురించి మాత్రం ఎప్పుడూ వినలేదు. కళ్ళు తుడుచుకుని సంఘం గ్రూపులో రాశాను: 'ప్రియులారా, మన గొలుసు ప్రార్థన ఆలకించి ప్రభువు విమానాన్ని ఒక గంట ముందే గమ్యం చేర్చాడు. మిగిలిన ఇళ్ళవాళ్ళు ఉపవాసం విరమించవచ్చు.'

ఆమెన్‌లు వానలా కురిశాయి. అయ్యగారు, అంటే మా పాస్టర్, తానే స్వయంగా పెద్ద మెసేజీ పెట్టారు. విశ్వాసం గాలినే కాదు, కాలాన్ని కూడా లోబరుచుకుంటుందని, ఆదివారం నేను సాక్ష్యం చెప్పాలని.

పది నిమిషాలకు మేనకోడలు ఫోన్ చేసింది.

"మామా, అమ్మ ఢిల్లీల దిగిందట గదా. రెండో విమానం రెండు నలభైకి. అమ్మకు ధైర్యం చెప్పు."

"ఢిల్లీ ఎందుకు బిడ్డా? ఢిల్లీ మనకు సంబంధమే లేదు గదా?"

"టికెట్ చూసినవ్ గదా మామా! రెండు విమానాలంటే అమ్మ అసలే ఎక్కదని నేనే చెప్పలే. కుర్చీ తోసేటోళ్ళు దిగమన్న కాడ దిగు, ఎక్కమన్న కాడ ఎక్కు అని చెప్పిన. నీకు తెలుసుననుకున్న. రెండో కాగితంల ఉంది గదా?"

రెండో కాగితం మంచం కింది పెట్టెలో ఉంది.

నాగ్‌పూర్ నుంచి దిబ్రూగఢ్‌కు నేరుగా విమానమే లేదట. ఫోన్‌లో ఉన్నది కేవలం రెండు చుక్కల మధ్య దూరం. కాకి కూడా ఆ గీత మీద ఎగరదు. అక్క తూర్పున ఉన్న ఊరికి వెళ్ళడానికి ఉత్తరాన ఢిల్లీలో కూర్చుని ఉంది, మధ్యాహ్నం గొలుసు నేనే తెంచేశాను.

నా భార్యకు ఫోన్ చేశాను. సంగతంతా చెప్పాను.

"ముప్పై ఏండ్లు చైన్ పట్టి కొలిచినవ్. ఒక్క కాగితం తిప్పి చూడలేకపోయినవ్," అంది.

"నన్ను తర్వాత తిట్టు. రెండు నలభై నుంచి అయిదున్నర దాకా మనుషులు కావాలె."

"యాడికెల్లి తేవాలె? ఇయ్యాళ బుధవారం. స్త్రీల సమాజమంత అయ్యగారితోని నస్పూర్ కూడికకు పోయిన్రు, ఫోన్లు బందు పెట్టుకొని కూసుంటరు. సెకండ్ షిఫ్టోళ్ళు రెండుంబావుకు పోతరు. ఫస్టు షిఫ్టోళ్ళు మీదికి వచ్చేసరికి మూడున్నర. పొద్దుగాల ఉపాసం ఉన్నోళ్ళు నీ మెసేజీ చూసి కడుపునిండ తిని పండుకున్నరు."

ఎదుటి సీట్లో ఒక పెద్దాయన అన్నీ వింటున్నాడు. మందమర్రిలో దిగాల్సిన మనిషి, ఆయనా గనిలో చేసి రిటైరైనవాడే. "ఏంది, ప్రార్థనకు గూడ డబుల్ డ్యూటీ పడ్డదా?" అన్నాడు, బత్తాయి వలుచుకుంటూ.

బల్లార్షా దాటాక అడవి మొదలైంది, ఫోన్లో సిగ్నల్ పోయింది. ఇక చేసేదేమీ లేదు. ఆ అడవిలోనే నా మొదటి సర్వేయర్ గుర్తొచ్చాడు. నేను కొత్తగా చేరిన రోజుల్లో గనిలో రెండు వైపుల నుంచి రెండు దారులు తవ్వుకుంటూ వస్తున్నారు. మధ్యలో బొగ్గు గోడ ఒక్కటే మిగిలింది. అవతలి వాళ్ళు కొట్టే దెబ్బలు ఇవతల మాకు వినిపిస్తున్నాయి. "ఇగ వచ్చినట్టే సార్," అన్నాను. ఆయన నా చేతికి టేపు చివర ఇచ్చి, "అయితే అవతలికి పోయి పట్టుకో," అన్నాడు. వెళ్ళాను. వచ్చిన దారినే వెనక్కి, మరో దారిలోకి, అక్కడి నుంచి చుట్టూ తిరిగి అవతలి వైపు చేరేసరికి గంట పట్టింది. గోడకు అవతల ఆయన నవ్వుతున్నట్టు వినిపించింది. ఆ రోజు నేర్చుకున్న పాఠాన్ని ఉద్యోగంలో ఎన్నడూ మరవలేదు. రిటైరయ్యాక ఒక నీలం గీత చూడగానే మరిచిపోయాను. నాకు తెలిసిన దాన్ని కూడా మరిపించేంత గర్వం ఎక్కడి నుంచి వచ్చిందో ప్రభువునే అడిగాను.  పెద్దాయన బత్తాయి తొనలు ఇచ్చాడు. ఉపవాసంలో ఉన్నానని చెప్పాను. "ఇగ నువ్వొక్కనివే ఉన్నట్టున్నవ్," అన్నాడు.

కాగజ్‌నగర్ దగ్గర సిగ్నల్ రాగానే ఒకేసారి ఎనిమిది మిస్డ్ కాల్స్ కనిపించాయి. అందులో ఆరు అక్కవి. ముందు నా భార్యకు చేశాను.

"మొదటి వంతు దొరికింది. మన మెకానిక్ భాయ్," అంది.

మెకానిక్ భాయ్ అంటే మా క్వార్టర్ ఎదుట బండ్లు రిపేరు చేసే షెడ్డు ఆయన. ముస్లిం.

"ఆయననా? నువ్వే కూసోవచ్చు గదా?"

"నేను మోకాళ్ళ మీద కూసుంటే ఇంటింటికి తిరిగి తలుపులెవరు కొట్టాలె? మన సంఘంల నైట్ షిఫ్టు తమ్ముణ్ణి నిద్ర లేపాలె. నేను రోడ్డు మీద ఉరుకుతుంటే భాయే పిలిచి ఏమైంది వదినా అనడిగిండు. చెప్పిన. 'ఫికర్ చెయ్యకు, నాకు గూడ ఇది నమాజ్ టైమే, మీ వదినె కోసం దువా చేసుకుంట కూసుంట, మీ మనిషిని జల్ది తోలుకరా' అన్నడు."

 సంఘం నియమాల్లో దీని గురించి ఏమీ రాసి లేదు. ఇంతలో అక్క మళ్ళీ చేసింది. మాటలో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది.

"ఆఫీస్ కాపీ అంటివి కదరా! ఇది ఇంకో విమానం చీటీ అంట. ఈ కుర్చీ తోసే పిల్ల ఎక్కుమంటుంది. నేను ఒక్క విమానానికే ఒప్పుకున్న."

"తప్పు నాదే అక్కా. నేను కాగితం చూడలే."

"నీ తప్పు తర్వాత చూస్త. గొలుసు నడుస్తుందా లేదా, గది చెప్పు. లేకుంటే ఈడనే కూసుంట. పొద్దున పోత."

పొద్దున వెళ్తే ఎనిమిదింటికి మేనకోడలు ఒంటరిగా లోపలికి వెళ్ళాల్సిందే. 'నడుస్తుంది' అని ఒక్క మాట అంటే చాలు. కానీ ఆమె తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు.

"నడుస్తది అక్కా."

"మొదలు ఎవరు?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆదివారం బడిలో ఏళ్ళ తరబడి పిల్లలకు నేను చెప్పిన పాఠాలన్నీ దానికి అడ్డం పడ్డాయి.

"మన మెకానిక్ భాయ్," అన్నాను.

 వెనక నుంచి విమానాశ్రయం వాళ్ళు ఎవరినో పిలుస్తున్న మాటలు వినిపిస్తున్నాయి. ఇక ఆమె ఎక్కదనుకున్నాను.

"మీ బావను గనిల నుంచి కాలు విరిగి తెచ్చిననాడు," అంది నెమ్మదిగా. అప్పట్లో అక్కావాళ్ళు మా పక్క క్వార్టర్లోనే ఉండేవాళ్ళు. "భాయే విప్పిన బండి విప్పినట్టే ఇడిసిపెట్టి దవాఖానకు తోలుకపోయిండు. పొద్దంత బయట నిలబడ్డడు. మీ సంఘపోళ్ళు సాయంత్రం వచ్చిన్రు, పండ్లు పట్టుకొని. ఆయనైతే టైముకు కూసుంటడు. ఎక్కుతున్న."

ఫోన్ పెట్టేసింది. పెట్టేసే ముందు కుర్చీ తోసే పిల్లతో, "పా బిడ్డా," అనడం వినిపించింది. ఆ పిల్లకు తెలుగు రాదు. మొదటి నుంచీ ఆమెతో అక్క తెలుగులోనే మాట్లాడుతోందని తర్వాత తెలిసింది.

రైలు మందమర్రిలో ఆగింది. పెద్దాయన దిగుతూ, "నీ డ్యూటీ ఎప్పటిదాక?" అన్నాడు.

"అయిదున్నర."

"సరే, ఇంటికి పోయి నేను గూడ ఒక కొబ్బరికాయ కొడత," అని వెళ్ళిపోయాడు. నేను చెయ్యూపాను.

మూడు గంటలకు విమానం లేచింది, ఇరవై నిమిషాలు ఆలస్యంగా. కానీ మెకానిక్ భాయ్ రెండు నలభైకే కూర్చున్నాడు. నైట్ షిఫ్టు తమ్ముడు లేచి, మొహం కడుక్కుని, "పట్టుకున్న" అనేసరికి మూడున్నర. అప్పటిదాకా యాభై నిమిషాలు భాయ్ షెడ్డులో చాప మీంచి లేవలేదట. బయట ఒకాయన బండి కోసం హారన్ మీద హారన్ కొడుతుంటే, షెడ్డులో పనిచేసే అతను, "ఆగండ్రి, సేఠ్‌కు రిలీవర్ రాలే," అన్నాడట. నాలుగింటికి మా వైండింగ్ ఇంజన్ సంఘపెద్ద డ్యూటీ దిగి, స్నానం కూడా చెయ్యకుండా గొలుసు అందుకున్నాడు. నేను ఇల్లు చేరి అతని దగ్గర్నుంచి తీసుకున్నాను. ఆ రోజు నా అరగంటలో సగం క్షమాపణలకే సరిపోయింది.

ఆరింటికి ఫోన్.

"దిగిన తమ్మీ," అంది అక్క.

నా తర్వాత గొలుసు అందుకున్న నా భార్య ఇంకా మోకాళ్ళ మీదే ఉంది. సగం లేచింది. నేను చెయ్యి అడ్డం పెట్టి ఆపాను.

"ఏ ఊర్లె అక్కా?"

"ఏ ఊరేందిరా?"

"బోర్డు చదివించు. లేకుంటే అల్లునికియ్యి ఫోను."

అల్లుడు ఫోన్ అందుకుని, "దిబ్రూగఢే మామా," అన్నాకే నా భార్య లేచింది.

గురువారం పొద్దున ఎనిమిదింటికి అక్క ఆపరేషన్ గది తలుపు దాకా కూతురి చెయ్యి పట్టుకుని నడిచింది. తొమ్మిది కాకముందే ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాను. గంట ముందు చేరిన విమానం అద్భుతం కాదనీ, మంచం కింది పెట్టెలో ఉన్న రెండో కాగితమనీ చెప్పాను. సంఘమంతా నవ్వింది. అయ్యగారు గ్రూపులో తాను పెట్టిన మెసేజీ ఎలా తీసెయ్యాలో ఎవరైనా చూపిస్తారా అని అడిగారు. మెకానిక్ భాయ్ వంతు గొలుసులో చెల్లుతుందా లేదా అని వెనక నుంచి ఒకరు అడిగారు. అక్క ఆ గొలుసు పట్టుకునే విమానం ఎక్కింది, క్షేమంగా దిగింది, నాకు తెలిసింది అంతే అన్నాను.

ఇప్పుడు అక్క తిరుగు ప్రయాణం ఉంది. టికెట్ వచ్చింది. మళ్ళీ రెండు కాగితాలు. ఈసారి నా భార్యే రెండూ చదివి మస్టర్ రాసింది. అందులో మెకానిక్ భాయ్ పేరు అడగకుండానే మొదట్లో పెట్టింది. అది చెప్పడానికి షెడ్డుకు వెళ్ళాను. ఆయన చేతికున్న గ్రీసు తుడుచుకుంటూ అడిగాడు.

"ఈసారి ఎన్ని విమానాలన్నా?"

"రెండు భాయ్."

"అయితే నన్ను రెండోదానికి రాయి. మొదటిదానికి మీ సంఘం సరిపోతది."